భూటాన్‌లో టన్నెల్ సర్వేయర్ ఉద్యోగం: ఏజెంటు 40 వేలు అడుగుతున్నాడు, వెళ్లొచ్చా?

గాజువాక_సర్వేయర్:

అందరికీ నమస్తే. మాది గాజువాక. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ వైపు జరుగుతున్న రైల్వే డబ్లింగ్ పనుల్లో ఒక సబ్‌కాంట్రాక్టరు దగ్గర సర్వేయర్‌ని. వయసు 29. టోటల్ స్టేషన్ (కొలతలు తీసే సర్వే యంత్రం) భుజానేసుకుని సొరంగంలోకి వెళ్లడం, బ్లాస్టింగ్ అయ్యాక ప్రొఫైల్ (తవ్విన సొరంగం ఆకారం) తీయడం, ఓవర్‌బ్రేక్, అంటే డిజైన్ కంటే ఎక్కువ ఊడిన రాయి, ఎంతొచ్చిందో లెక్కగట్టి బిల్లింగ్ వాళ్లతో గొడవపడటం, రోజూ ఇదే పని. జీతం 32 వేలు. అది కూడా ఈ మధ్య ముక్కలు ముక్కలుగా వేస్తున్నారు.

మొన్న మా సైట్ కుర్రాడొకడు ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు దగ్గరికి తీసుకెళ్లాడు. భూటాన్‌లో వాంగ్‌డూ అనే ఊరి దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టట. ఎప్పుడో ఆగిపోయిన డ్యామ్ పని మళ్లీ మొదలవుతోందట, సర్వేయర్లు కావాలట. నెలకు 65 వేలు, క్యాంపులో గది, మెస్‌లో తిండి. "మనవాళ్లకి వీసానే అక్కర్లేదు, అరకు వెళ్లినట్టే వెళ్లి రావచ్చు" అన్నాడు. సర్వీస్ ఛార్జి 40 వేలు, సగం ఇప్పుడే కట్టాలి. ముందు టూరిస్టు పర్మిట్ మీద దాటేస్తే అక్కడ కంపెనీవాళ్లు దాన్ని వర్క్ పర్మిట్ కింద మార్పిస్తారట. ఆ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

ఇంట్లో పరిస్థితి చెప్తాను. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో ఎనిమిది మంది ఇరుక్కుపోయినప్పుడు మా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అప్పటి నుంచి నేను అనంతగిరి కొండల్లో పనికి వెళ్తున్నా సరే, షిఫ్టు అయ్యి ఫోన్ చేసేదాకా అన్నం తినదు. హిమాలయాల్లో సొరంగం అంటే ఇంక వేరే చెప్పాలా. మా ఆవిడ మాత్రం "వెళ్లు, కానీ నన్నూ పాపనీ ఎప్పుడు తీసుకెళ్తావో చెప్పి వెళ్లు" అంటోంది. పాపకి రెండేళ్లు.

అక్కడ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. జీతం ఎవరి డబ్బులో వస్తుంది? ఫ్యామిలీని తీసుకెళ్లనిస్తారా? ఆ సొరంగాలకీ మన సొరంగాలకీ తేడా ఏంటి? గల్ఫ్ వెళ్లమని మాత్రం సలహా ఇవ్వకండి, మా బావ అనుభవం చూశాక ఆ టాపిక్ మా ఇంట్లో క్లోజ్.

ఎన్‌ఏడీ_జంక్షన్:

భూటాన్ గురించి నాకు తెలీదు బ్రో, కానీ "ఎవరి డబ్బులో" అని అడిగావు చూడు, దానికి మాత్రం నేను చెప్పగలను. మా తమ్ముడికి నేపాల్‌లో ఒక హైడ్రో సైట్‌లో ఆఫర్ వచ్చింది. ఫోన్‌లో 80 వేలు అన్నారు. వీడు ఎగిరి గంతేసి ఇక్కడ ఉద్యోగం మానేయడానికి రెడీ. తీరా కాగితం వచ్చాక చూస్తే నేపాలీ రూపాయలు. అక్కడ 1993 నుంచి మన ఒక్క రూపాయికి వాళ్లది ఒక రూపాయి అరవై పైసలు, ఫిక్స్‌డ్ రేటు. 80 వేలు కాస్తా 50 వేలయ్యింది. రెండు దేశాల్లోనూ డబ్బుని రూపాయలనే అంటారు కాబట్టి ఫోన్‌లో చెప్పినవాడిని అబద్ధమాడావని కూడా అనలేం.

భూటాన్‌ది ఒకటికి ఒకటే అని విన్నాను. అయినా కాగితం మీద రాయించుకో.

ఆ 40 వేలు మాత్రం అస్సలు కట్టకు. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు అయినా చట్టప్రకారం తీసుకోగలిగింది 30 వేలే, జీఎస్టీ దాని మీద. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో ముందు వెతుకు. వీధి చివర జిరాక్స్ షాపు పైన బోర్డు పెట్టుకున్నోడైతే ఉండదు.

తాలా_ఫోర్‌మన్:

బాబూ, నేను పెందుర్తిలో ఉంటాను, రిటైరయ్యాను. సీలేరులో హెల్పర్‌గా మొదలుపెట్టి, భూటాన్‌లో తాలా ప్రాజెక్టులో టన్నెల్ ఫోర్‌మన్‌గా చేశాను. తాలా 2006-07లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది, 1,020 మెగావాట్లు. తర్వాత నువ్వు చెప్తున్న ఆ వాంగ్‌డూకే వెళ్లాను. దాన్ని పునాత్సాంగ్‌ఛు-1 అంటారు, 1,200 మెగావాట్లు. 2008 చివర్లో మొదలైంది. 2013 జూలైలో డ్యామ్ కట్టేచోట కుడిపక్క కొండ జారింది, అక్కడితో డ్యామ్ పని పడకేసింది. దాని కిందనే ఉన్న పునాత్సాంగ్‌ఛు-2 దీని తర్వాత మొదలై, 2025లో పూర్తయిపోయింది. మొదటిదానికి డ్యామ్ పని మళ్లీ మొదలుపెట్టాలని రెండు ప్రభుత్వాలూ 2025లో అనుకున్నాయి. కాబట్టి ఉద్యోగాలున్నాయన్న మాట అబద్ధం కాకపోవచ్చు. నీ ఏజెంటు చేతిలో అవి ఉన్నాయా అన్నదే చూసుకోవాలి.

ముందు టూరిస్టు పర్మిట్ సంగతి. మనకి వీసా అక్కర్లేదన్నది నిజమే, కానీ పర్మిట్ లేకుండా సరిహద్దు ఊరు దాటి లోపలికి పోలేవు. టూరిస్టుగా వెళ్తే మన దేశస్తుడైనా రాత్రికి 1,200 రూపాయలు వాళ్ల ప్రభుత్వానికి కట్టాలి, దాన్ని ఎస్‌డీఎఫ్ అంటారు. నెల రోజులుంటే ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. ఎవరు కడతారు? ఏజెంటా? పనికి వెళ్లేవాడికి వర్క్ పర్మిట్ వేరే. దానికి నువ్వు కాదు, నిన్ను పెట్టుకున్న కంపెనీ అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. మెడికల్ టెస్టు ఉంటుంది. కార్డు మీద కంపెనీ పేరుంటుంది, ఆ కంపెనీ దగ్గరే చెయ్యాలి. పక్క కంపెనీవాడు ఐదువేలు ఎక్కువిస్తానన్నాడని రేపు పొద్దున్న మారిపోవడం ఉండదు. టూరిస్టు కాగితం మీద సైట్‌లో దొరికితే జరిమానా నీకు, వెనక్కి పంపేదీ నిన్నే. ఏజెంటు ద్వారకానగర్‌లో ఫ్యాను కింద హాయిగా ఉంటాడు.

ఇంక జీతం. మీవాడు నేపాల్ గురించి చెప్పింది బాగుంది. భూటాన్ డబ్బు పేరు ఙుల్‌ట్రమ్. మన రూపాయితో సమానం, అక్కడ మన నోట్లు కూడా తీసుకుంటారు. అంత సమానమైతే గొడవేముందని అందరూ అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం, 2012 మార్చి దాకా. ఆ ఏడాది అక్కడ మన రూపాయలకి కటకటొచ్చింది. వాళ్లకి బియ్యం, డీజిలు, సిమెంటు అన్నీ మన దగ్గర నుంచే రావాలి, వాటికి మన రూపాయలే కావాలి. వాళ్లకి మన రూపాయలొచ్చేది ఎక్కువగా మనకి అమ్మే కరెంటు మీద. కట్టే ప్రాజెక్టులు, కొనే కార్లు ఎక్కువైపోయి రూపాయలు అయిపోయాయి. వాళ్ల రిజర్వు బ్యాంకు లాంటిది, రాయల్ మానెటరీ అథారిటీ, మన రూపాయలు ఎంత ఇవ్వాలో దానికి కట్టడి పెట్టేసింది.

మా క్యాంపులో రెండు రకాల మనుషులుండేవాళ్లు. మెయిన్ కాంట్రాక్టరు రోల్‌లో ఉన్నవాళ్లకి జీతం మన దేశంలో బ్యాంకు ఖాతాలో పడేది. వాళ్లకి ఏమీ తెలీలేదు. లేబర్ సప్లై వాళ్ల కింద ఉన్నవాళ్లకి సైట్‌లో ఙుల్‌ట్రమ్‌లు చేతికిచ్చేవారు. ఆ నోట్లు సరిహద్దుకి మన వైపు ఊరు జయగావ్ దాకా చెల్లుతాయి. గాజువాకలో కిరాణా కొట్టువాడికిస్తే బొమ్మ బాగుందని పిల్లలకి చూపిస్తాడు, అంతే. ఇంటికి పంపాలంటే సరిహద్దుకొచ్చి కమీషనిచ్చి మార్చుకునేవాళ్లు. ఆ రోజుల్లో కమీషను ఎంత పెరిగిందో, ఒడిశా కుర్రాళ్లు ఎంత తిట్టుకున్నారో నేను విన్నాను. ఒక సప్లై సంస్థ అయితే, పేరెందుకులే, రెండు నెలలు అసలే ఇవ్వకుండా "రూపాయలు లేవు, ఏం చెయ్యమంటావ్" అని అదే సాకుగా వాడుకుంది. ఇప్పుడు ఆ కట్టడి లేదు, యూపీఐ కూడా వచ్చింది అంటున్నారు మా వాళ్లు. అయినా నేనైతే ఒకటే అడుగుతాను: జీతం విశాఖపట్నంలో నా ఖాతాలో, మన రూపాయల్లో వేస్తారా లేదా? వేస్తాం అని మెయిన్ కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద రాసిస్తే వెళ్లు. లేదంటే ఇప్పుడు నువ్వున్న కేకే లైన్‌లో ముక్కల జీతమే నయం, కనీసం ఆదివారం ఇంటికి రాగలవు.

సొరంగం విషయం నీకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు సర్వేయర్‌వి. మన అనంతగిరి, బొర్రా వైపు ఉన్నది ఖొండలైట్, చార్నొకైట్. బాగా ముసలి రాయి. దొర్లినా పెద్ద దిమ్మగా దొర్లుతుంది, ముందు చప్పుడు చేస్తుంది. అక్కడ అలా కాదు. హిమాలయాలు ఇంకా పెరుగుతున్న కొండలు. పొద్దున్న షిఫ్టులో నైస్ (gneiss) అనే గట్టి రాయి, రాక్ బోల్టు (రాయిని పట్టి ఉంచే ఇనుప కడ్డీ) కొడితే గంట మోగినట్టుంటుంది. సాయంత్రం అదే ఫేస్‌లో (తవ్వుతున్న చివర) మడతకాజా నీళ్లలో పడేసినట్టు పొరలు పొరలుగా ఊడొస్తుంది, వెనకాలే నీళ్లు. దాన్ని షియర్ జోన్ అంటారు, నీకు చదువులో చెప్పే ఉంటారు. చదవడం వేరు, ముఖం మీద పడటం వేరు. పునాత్సాంగ్‌ఛు-2లో కూడా 2016 మార్చిలో పవర్‌హౌస్ పక్కన సర్జ్ గ్యాలరీ కూలి మనుషులు పోయారు. మీ అమ్మగారి భయం ఊరికే కాదు, ఆవిడని తక్కువ చెయ్యకు.

అందుకనే అక్కడ సర్వేయర్ అంటే బిల్లింగ్ వాడితో ఓవర్‌బ్రేక్ గొడవ కాదు. సొరంగం గోడలకి టార్గెట్లు బిగించి, అవి లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతున్నాయో షిఫ్టు షిఫ్టుకీ చదవాలి. ఆ రీడింగు తగ్గుముఖం పడుతోందా, అలాగే పోతోందా అన్నదాన్ని బట్టి ఇంజనీర్లు రిబ్బులు (ఉక్కు చట్రాలు) దగ్గర దగ్గరగా వెయ్యాలా, మనుషుల్ని బయటికి పిలవాలా అని చూస్తారు. కొండ జారాక అయితే దాన్ని కొలవడమే ఒక పెద్ద పనైపోయింది. నువ్వు బద్ధకించి నిన్నటి అంకె ఇవాళ వేశావనుకో, ఎవరికీ తెలీదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మా దగ్గర ఒక కుర్రాడు అలా చేస్తూ దొరికాడు. ఆ రోజే పెట్టె సర్దించి పంపేశారు, నాకు అందులో జాలేం కలగలేదు.

ఇంటర్వ్యూలో నువ్వు అడగాల్సింది జీతం ఒక్కటే కాదు. ప్రతి షిఫ్టుకీ జియాలజిస్టు ఉంటాడా అని అడుగు. షాట్‌క్రీట్ (గోడకి చిమ్మే కాంక్రీటు) పడకముందు సర్వేయర్‌ని ఫేస్ దగ్గరికి పంపుతారా అని అడుగు. "అవసరాన్ని బట్టి" అంటే పంపుతారనే అర్థం.

ఇన్ని చెప్పి వెళ్లొద్దంటానేమో అనుకోకు. నీ వయసులో అయితే నేను వెళ్తాను. 65 వేల కోసం కాదు. రెండేళ్లు అక్కడ హెడ్ రేస్ టన్నెల్‌లో (నీళ్లని పవర్‌హౌస్‌ వైపు తీసుకెళ్లే సొరంగం) కన్వర్జెన్స్, అంటే ఆ గోడల జరుగుబాటు, చదివినవాడికి ఇక్కడ ఉత్తరాఖండ్ రైల్వే సొరంగాల దగ్గర నుంచి కశ్మీరు దాకా పని దొరుకుతుంది. నాకు రిటైరయ్యేదాకా పని వెతుక్కునే అవసరం రాలేదు.

గాజువాక_సర్వేయర్:

బాబాయ్ గారూ, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించాను. 2016 సంగతి దగ్గర మాత్రం కొంచెం గబగబా చదివాను.

ఏజెంటుకి ఫోన్ చేసి మీరు చెప్పినవన్నీ అడిగాను. నియామక పత్రం మెయిన్ కాంట్రాక్టరు పేరు మీద రాదట, ఏదో మ్యాన్‌పవర్ సంస్థ పేరు మీద వస్తుందట. జీతం "సైట్‌లోనే ఇస్తారు, అదీ ఇదీ ఒకటేగా" అన్నాడు. 65 వేలల్లో ఓవర్‌టైమ్ కలిపే ఉందని ఇప్పుడు చెప్తున్నాడు. జియాలజిస్టు సంగతి అడిగితే "నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నావా, ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తున్నావా" అని నవ్వాడు. ఈమైగ్రేట్‌లో వెతికితే ఆ పేరు కనపడలేదు.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, ఫ్యామిలీ. రెండు, అక్కడ చలి, తిండి. నేను అన్నం లేకపోతే పని చెయ్యలేను, నవ్వకండి.

సీతమ్మధార_వదిన:

ఫ్యామిలీ గురించి నేను చెప్తాను. మా ఆయన థింఫూలో ఒక బిల్డింగ్ ప్రాజెక్టులో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేశారు, నేను బాబుని తీసుకుని వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చాను.

మొట్టమొదట సరిహద్దు దగ్గర ఆధార్ కార్డు చూపిస్తే పనికిరాదు తమ్ముడూ. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. మా ముందు వరసలో ఒక తెలుగు కుటుంబం, ఏలూరు వైపు వాళ్లనుకుంటా, పెద్దాయన దగ్గర ఆధార్ తప్ప ఇంకేం లేదు. జయగావ్‌లో హోటల్‌లో ఉండిపోవాల్సి వచ్చింది పాపం. పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకెళ్లాలి. మీ పాపది జీవీఎంసీలో ఇంగ్లిషులో పేరుతో సహా తీసుకుని పెట్టుకోండి. చాలామందివి పేరు ఎక్కించకుండా "బేబీ ఆఫ్" అనే ఉంటాయి.

మీ ఆవిడ టూరిస్టుగా వస్తే ఆ రోజుకి 1,200 పడుతుంది, రెండేళ్ల పాపకి ఉండదు, ఆరేళ్లు నిండాక సగం. డిపెండెంటు పర్మిట్ కంపెనీ ద్వారా వస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, కానీ సొరంగం క్యాంపుల్లో ఫ్యామిలీ గదులు పెద్ద ఉద్యోగులకే ఉంటాయని మా ఆయన అంటున్నారు. బయట ఊళ్లో ఇల్లు తీసుకుంటే, మీరు షిఫ్టులో ఉన్నప్పుడు ఆవిడ ఒక్కతే, భాష రాదు, పాపతో. నా మాట వింటే మొదటి ఏడాది తీసుకెళ్లకండి. సెలవుకి మీరే రండి. నేను వెళ్లినప్పుడు మా బాబుకి అయిదేళ్లు, సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూ దాకా ఆ మలుపుల్లో వాడు వాంతులు చేసుకోని ఊరు లేదు.

తిండికి భయపడకండి, వాళ్లూ అన్నం తినేవాళ్లే. ఎర్ర బియ్యం, మెత్తగా వండుతారు. ఎమ దత్సీ అని పచ్చిమిరపకాయల్ని చీజ్‌లో ఉడికిస్తారు. మిరపకాయ అక్కడ కూరగాయే, మనకంటే కారంగా తింటారు. మా ఆయనకి అది తెగ నచ్చింది, నాకు చీజ్ వాసన పడలేదు. చింతపండు మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. ఫోన్‌కి అక్కడి సిమ్ తీసుకోవాల్సిందే, బీ-మొబైల్ అనో తాషీసెల్ అనో ఉంటాయి. వాళ్ల టైమ్ మనకంటే అరగంట ముందు. రాత్రి పదకొండుకి వీడియో కాల్ చేస్తే ఆయన నిద్ర మొహంతో విసుక్కునేవారు.

మర్రిపాలెం_అకౌంట్స్:

చిన్న విషయం. ఉద్యోగానికి దేశం దాటి ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకంటే తక్కువ ఇక్కడ ఉంటే పన్ను లెక్కలో మీ రెసిడెన్సీ (ఏ దేశ నివాసి అన్నది) మారుతుంది. అయినా జీతం ఇండియా ఖాతాలో నేరుగా పడితే ఇక్కడి పన్ను ప్రశ్న వస్తుంది. భూటాన్‌లో కూడా జీతం మీద పన్ను కోస్తే ఆ సర్టిఫికెట్ ప్రతి ఏడాదీ అడిగి తీసుకోండి. రెండు దేశాలకీ 2013లో కుదిరిన పన్ను ఒప్పందం ఉంది, కాగితం ఉంటేనే అది పనికొస్తుంది. మెయిన్ కాంట్రాక్టరు ఇండియన్ కంపెనీ అయితే పీఎఫ్ కొనసాగుతుందా అని కూడా అడగండి, ఆఫర్ లెటర్లలో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

తాలా_ఫోర్‌మన్:

ఏజెంటు సమాధానాలు విన్నావుగా. ఇంక అతనితో మాట్లాడకు, ఫోన్ ఎత్తకు. మ్యాన్‌పవర్ సంస్థ పేరు మీద వెళ్తే ఏదైనా జరిగినప్పుడు మెయిన్ కాంట్రాక్టరు "మావాడు కాదు" అంటాడు, ఆ సంస్థవాడి ఆఫీసు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మన ప్రభుత్వం గల్ఫ్ లాంటి 18 దేశాలకి వెళ్లే, పదో తరగతి లేనివాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అని ఒక జల్లెడ పెట్టింది. భూటాన్, నేపాల్ ఆ జాబితాలో లేవు. ఇక్కడ నీ కాంట్రాక్టుని నువ్వు తప్ప ఎవరూ చదవరు.

నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, ఆ డ్యామ్ పని ఏ కంపెనీ చేతిలో ఉందో ప్రాజెక్టు అథారిటీ వెబ్‌సైట్‌లో టెండర్ల పేజీలో కనుక్కో. ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కి నేరుగా బయోడేటా పంపు. అందులో "సర్వేయర్, 5 సంవత్సరాలు" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకు. ఏ సొరంగం, ఎంత పొడవు, ఏ పద్ధతిలో తవ్వారు, ఏ మేక్ టోటల్ స్టేషన్ వాడావు, బ్రేక్‌త్రూలో (రెండు వైపుల తవ్వకం కలిసేచోట) ఎర్రర్ ఎంతొచ్చింది, అది రాయి. చదివేవాడు కూడా సొరంగాలవాడే, ఆ చివరి అంకె చూసి ఫోన్ చేస్తాడు. ఇప్పుడున్నచోట అనుభవం సర్టిఫికెట్ ముందు తీసుకుని, తర్వాత వెళ్తున్నానని చెప్పు. వరస మార్చావంటే బాకీ జీతమూ రాదు, సర్టిఫికెట్టూ రాదు.

ఇన్సూరెన్సు అడగడానికి మొహమాటపడకు. ప్రమాదం జరిగితే ఇంటికెంత, ఎవరిస్తారు, మనిషిని సిలిగురి ఆసుపత్రికి ఎవరు తెస్తారు, జరగరానిది జరిగితే వైజాగ్ దాకా ఎవరు చేరుస్తారు. ఇవన్నీ రాతలో ఉండాలి. నేను ఇలాంటివి అడిగినప్పుడు అపశకునం మాటలంటూ మా ఇంట్లో కూడా అన్నారు. అడిగేశాక ఇంట్లోవాళ్లే నిమ్మళంగా పడుకున్నారు.

చలి అంటావా, వాంగ్‌డూ లోయలో ఉంటుంది, థింఫూ అంత ఎత్తు కాదు. లంబసింగి చలి ఓర్చుకున్నవాడు అక్కడ ఓర్చుకోగలడు. గాలే ప్రాణం తీస్తుంది. మధ్యాహ్నం దాటితే నది మీద నుంచి దుమ్ము లేపుకుంటూ వస్తుంది, బయట ఇన్‌స్ట్రుమెంట్ నిలబడదు. బయటి పాయింట్లన్నీ పొద్దున్నే చూసుకోవాలి. థింఫూకీ అక్కడికీ మధ్య దోచుల కనుమ ఉంది, శీతాకాలంలో దాని మీద మంచు పడుతుంది, సెలవు టికెట్లు తీసుకునేటప్పుడు ఒకరోజు చేతిలో ఉంచుకో.

మందు చవక. ఆ మాట ఇక్కడితో ఆపేస్తాను.

గాజువాక_సర్వేయర్:

అప్‌డేట్ ఇస్తున్నాను. కంపెనీ హెచ్‌ఆర్‌కి మీరు చెప్పినట్టే బయోడేటా పంపాను, బ్రేక్‌త్రూ ఎర్రర్ కూడా రాశాను. వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. సర్వే మేనేజరు జార్ఖండ్ ఆయన, నా హిందీ విని రెండుసార్లు నవ్వాడు గానీ కన్వర్జెన్స్ గురించి అడిగినవాటికి జవాబు చెప్పగలిగాను. జీతం 54 వేలు, ఓవర్‌టైమ్ విడిగా, ఇక్కడి స్టేట్ బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. పీఎఫ్ ఉంది. వర్క్ పర్మిట్ వాళ్లే పెడతారు, అది చేతికొచ్చాకే రమ్మన్నారు. షాట్‌క్రీట్ ముందు ఫేస్ దగ్గరికి పంపుతారా అని అడిగితే ఆయన "పంపం, కానీ నువ్వే వెళ్లాలనుకుంటావు, అప్పుడు ఆపుకోవాలి" అన్నారు. ఇన్సూరెన్సు వివరాలు మెయిల్‌లో పంపుతామన్నారు. అది వచ్చాకే సంతకం పెడతాను.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోనని కూడా అనట్లేదు. సింహాచలం వెళ్లొచ్చాక చెప్తానంది.

ఏజెంటు ఇప్పుడు 25 వేలకి దిగాడు.

బాబాయ్ గారూ, అన్నీ కుదిరితే జూలైలో చేరాల్సి ఉంటుంది. ఎలా వెళ్లాలి?

తాలా_ఫోర్‌మన్:

దిబ్రూగఢ్ వైపు వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ వైజాగ్ మీదుగానే పోతుంది. న్యూ అలీపూర్‌ద్వార్‌లో దిగి రోడ్డు మీద జయగావ్ వెళ్లొచ్చు. లేదా న్యూ జల్పాయిగురిలో దిగి హాసిమారాకి ఇంకో రైలు పట్టుకో, అక్కడి నుంచి జయగావ్ దగ్గర. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్.

జూలై అంటే వానాకాలం, థింఫూ రోడ్డు మీద కొండ చరియలు పడి బళ్లు ఆగిపోతాయి. కుదిరితే చేరే తేదీ సెప్టెంబరు చివరికి జరపమని అడుగు. కుదరదంటే పొద్దున్నే మొదటి బండికి బయల్దేరు, మధ్యాహ్నం బండి ఎక్కకు. పర్మిట్, పాస్‌పోర్టు, కంపెనీ లెటరు చొక్కా జేబులో పెట్టుకో. రిన్‌చెండింగ్ చెక్‌పోస్టు దగ్గర దింపి చూస్తారు, అప్పుడు బండి పైన కట్టిన బ్యాగు విప్పించాలంటే డ్రైవరు తిడతాడు.